పిస్తోలు గురిపోటీలలో శ్రేణీవిభాగము: ఒక చారిత్రక పరిశీలన

ఏ విద్యయందైనను సాధకుడు తానెంతవరకు వచ్చెనో తెలిసికొనుటకు రెండు త్రోవలు కలవు. తోటివారితో పోల్చుకొనుట యొకటి. అందరికిని ముందే నిర్ణయింపబడిన ప్రమాణముతో తన్ను తాను తూచుకొనుట రెండవది. మొదటిదానిచే గెలుపోటములు తేలును గాని, గెలిచినవాని నేర్పెంతటిదో, ఓడినవానికి ఇంకెంత దూరము మిగిలియున్నదో తేలదు. పిస్తోలు గురిపోటీల చరిత్రము మొదటి త్రోవను విడువకయే రెండవ త్రోవను దానికి జోడించుకొనుచు వచ్చిన చరిత్రము.

గురిపోటీలకు సంస్థారూపము కలిగినది పందొమ్మిదవ శతాబ్దమున. 1859లో ఇంగ్లండున జాతీయ రైఫిలు సంఘము స్థాపితమై, మరుసటి యేడు వింబుల్డన్ మైదానమున విక్టోరియా రాణి తొలి గుండు పేల్చగా దాని పోటీలు ఆరంభమైనవి. 1871లో అమెరికాలోను అట్టి సంఘమే వెలసినది. ఆ శతాబ్దపు చివరిభాగమున అమెరికా సైన్యము తన సిపాయిల గురిని పరీక్షించి, మార్క్స్‌మన్, షార్ప్‌షూటర్ మున్నగు బిరుదులతో పతకము లిచ్చు పద్ధతిని నెలకొల్పెను. ప్రక్కవాడెట్లు కాల్చెనను ప్రశ్నతో నిమిత్తము లేక, ఇన్ని గుండ్లలో ఇన్ని గురికి తగిలినచో ఈ శ్రేణి యని నియమించుటయే ఇందలి విశేషము. 1896లో ఏథెన్సున జరిగిన తొలి ఆధునిక ఒలింపిక్ క్రీడలలో పిస్తోలునకును చోటు దొరకినది; అయితే అది నిలుకడగా నిలిచి, ఒక్కచేయి చాచి, స్థిరమైన గురిపలకను కొట్టు విద్య.

ఆత్మరక్షణార్థమైన పిస్తోలు ప్రయోగమున నిదానముతోపాటు వేగమును కావలెనని గ్రహించి, దానిని క్రీడగా మలచినవారిలో అగ్రగణ్యుడు జెఫ్ కూపర్. 1950లలో కాలిఫోర్నియాలో అతడు నడిపిన పోటీలలోనే, జాక్ వీవర్ అను పోలీసు ఉద్యోగి రెండుచేతులతో పిస్తోలు పట్టి వేగమును గురిని జతపరచి గెలువగా, ఆ పట్టు ఆతని పేరనే ప్రసిద్ధికెక్కినది. 1976లో మిస్సోరి రాష్ట్రమందలి కొలంబియా పట్టణమున కూపర్ అధ్యక్షతన ఈ క్రీడకు అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడి, నిశితత్వము, బలము, వేగము అను మూడింటిని తన ఆదర్శముగా ప్రకటించినది. దాని అమెరికా శాఖ శ్రేణులను శాతములచే నిర్ణయించెను: అత్యుత్తమ ఫలితమును నూరుగా గ్రహించి, 40 శాతమునకు లోబడినవారు డి, 40 నుండి సి, 60 నుండి బి, 75 నుండి ఎ, 85 నుండి మాస్టర్, 95 నుండి గ్రాండ్ మాస్టర్. ఈ విధముగా, పోటీలో వెనుకబడియు తన శాతమును పెంచుకొన్నవాడు తన అభివృద్ధిని అంకెలలో చూచుకొనగలిగెను.

కాలక్రమమున ఆ పోటీలు పందెమునకే ప్రత్యేకముగా రూపొందించిన ఖరీదైన ఆయుధములకు నిలయము కాగా, దైనందిన జీవితమున ధరింపదగిన సామాన్యమైన పిస్తోలుతోనే, దుస్తులమాటున దాచియుంచి, వాస్తవ పరిస్థితులను పోలిన సన్నివేశములలో పోటీ జరుగవలెనని తలచినవారు 1996లో అంతర్జాతీయ ఆత్మరక్షణ పిస్తోలు సంఘమును స్థాపించిరి. నోవిస్, మార్క్స్‌మన్, షార్ప్‌షూటర్, ఎక్స్‌పర్ట్, మాస్టర్ అను దీని శ్రేణీనామములలో పాత సైనిక బిరుదుల ఛాయ స్పష్టముగా కనిపించును. మాస్టరునకు పైన డిస్టింగ్విష్డ్ మాస్టర్ అను శ్రేణియు తరువాత చేరినది.

ఈ సంఘపు పరీక్షలలో సంక్షిప్తమైన దానిని దగ్గరనుండి చూచినచో శ్రేణీవిభాగపు తత్త్వము బోధపడును. పది గజముల దూరమున ఒక్క గురిపలక, మొత్తము ఇరువదియైదు గుండ్లు, నాలుగు అంచెలు. మొదట పిస్తోలును ఒరనుండి తీసి రెండుచేతులతో ఐదు గుండ్లు. పిమ్మట బలమైన చేయి ఒక్కదానితో ఐదు. ఆపైన ఐదు కాల్చి, ఖాళీయైన మ్యాగజైను మార్చి మరి ఐదు. తుదకు దేహభాగమున నాలుగును శిరోభాగమున ఒకటియు. దేహమధ్యమున ఎనిమిది అంగుళముల వలయమును తప్పిన గుండునకు దండనగా కాలము కూడబడును. మొదట కోల్పోయిన ఒక్కొక్క పాయింటునకు అరసెకండుగా ఉండిన ఈ దండన 2017లో పూర్తి సెకండయ్యెను. తొందరపడి తప్పుటకంటె నిదానించి తగులుటయే లాభకరమని ఈ ఒక్క మార్పు సాధకునికి నేర్పినది. మీది శ్రేణికి చేరుట పరీక్షవలన గాని, పెద్దపోటీలో తన శ్రేణివారిని మించుటవలన గాని జరుగును. ఎక్కినవాడు సామాన్యముగా క్రిందికి దింపబడడు. బహుమతులపై ఆశతో కావలెనని మెల్లగా కాల్చి దిగువ శ్రేణిలో నిలిచియుండుట నియమవిరుద్ధము.

మన దేశమున ఆయుధముల చట్టము కఠినమగుటచేతను, 9 మిల్లీమీటర్ల పిస్తోలు సామాన్య పౌరులకు నిషిద్ధమగుటచేతను, ఈ విధమైన ఆత్మరక్షణ పోటీలు వేరూనలేదు. కాని శ్రేణీక్రమము లేకపోలేదు. 1951లో ఏర్పడిన భారత జాతీయ రైఫిలు సంఘమునకు తొలి అధ్యక్షుడు లోక్‌సభ ప్రథమ సభాపతియైన గణేశ్ వాసుదేవ మావళంకర్. ఆయన పేరనే అఖిలభారత పోటీ ఒకటి నేటికిని జరుగుచున్నది. రాష్ట్రపోటీలనుండి జాతీయ పోటీలకును, అచటినుండి భారతజట్టు ఎంపిక పరీక్షలకును సాధకుడు నిర్ణీతమైన కనీసపు మార్కులను సంపాదించుచు ఒక్కొక మెట్టెక్కవలెను. 2016 నాటి ఆయుధ నియమావళి సైతము ఔత్సాహిక షూటరు మొదలుకొని ప్రఖ్యాత షూటరు వరకు శ్రేణులను గుర్తించి, వానినిబట్టి ఆయుధములయందును తూటాలయందును హక్కులను నిర్ణయించినది. అమెరికాలో శ్రేణి గౌరవచిహ్నము మాత్రమే. మన దేశమున అది న్యాయసమ్మతమైన అధికారము గూడ.

ఈ మెట్లను తెలుగునేలనుండి ఎక్కినవారిలో హైదరాబాదు యువతి ఈషా సింగ్ చరిత్ర స్మరణీయము. గచ్చిబౌలి రేంజిలో అభ్యసించిన ఈమె, 2018లో పదుమూడేండ్ల ప్రాయముననే జాతీయ పోటీలలో పదిమీటర్ల ఎయిర్ పిస్తోలునందు తన వయోవర్గమునకే పరిమితము గాక పెద్దల విభాగమునను స్వర్ణము గెలిచెను. ఆ పోటీలో పది మార్కుల వలయపు వ్యాసము పదకొండున్నర మిల్లీమీటర్లు మాత్రమే. పిమ్మట ఇరువదియైదు మీటర్ల పిస్తోలును చేపట్టి, 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో జట్టుతో స్వర్ణమును, వ్యక్తిగతముగా రెండు రజతములను, ఎయిర్ పిస్తోలు జట్టుతో మరియొక రజతమును సాధించి, 2024లో పారిస్ ఒలింపిక్స్‌నందు పాల్గొనెను.

అట్టి మెట్లు మన పల్లెలనుండియు మొదలు కావలెను. 1960లో సరిహద్దుల సవరణచే మదరాసు రాష్ట్రమున చేరిన మన తిరుత్తణి ప్రాంతము విద్యలకు క్రొత్త కాదు. సర్వేపల్లి రాధాకృష్ణన్ పండితుని జన్మభూమి ఇది. ముత్తుస్వామి దీక్షితుల వాగ్గేయకారత్వము ఇచటనే ఆరంభమైనదని సంప్రదాయము. సరళీవరుసలు రానివాడు వర్ణమునకు పోరాదని సంగీతమున మనమెరిగిన నియమమే గురివిద్యకును వర్తించును: మీది మెట్టు ఎంత ఎత్తయినను, తొలిమెట్టు ఇంటిదగ్గర ఉండవలెను. ఎయిర్ పిస్తోలు అభ్యాసమునకు పదిమీటర్ల నిడివియు, వెనుక దిటవైన అడ్డుగోడయు, ఎరిగిన శిక్షకుడును, కఠినమైన భద్రతానియమములును చాలును. కావున ఈ ప్రాంతమందలి కే.జీ.కండిగై వంటి గ్రామముల పాఠశాలలలో అట్టి తొలిమెట్టు నిర్మించి, ప్రతి బాలబాలికయొక్క మార్కులను నెలనెల వ్రాసి గోడపై ప్రకటింపుడని విద్యాధికారులను, గ్రామపెద్దలను, తలిదండ్రులను వేడుకొనుచున్నాను. పతకములు కొందరికే దక్కును. తన నేర్పును నిజాయితీగా కొలుచుకొను అలవాటు అందరికిని దక్కవలెను.