చలికి పెరటి చెట్లు: వేడి దుప్పటిది కాదు, నేలది

నవంబర్ వచ్చిందంటే మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న: ఈ రాత్రి కరివేపాకు చెట్టుకి ఏం కప్పాలి? ఏం కప్పాలన్నది తర్వాత సంగతి, ఎలా కప్పాలన్నది ముందు తెలియాలి. నేనుండేది డాలస్‌కి ఉత్తరాన. బీఎస్సీలో చదివిన ఫిజిక్స్ నాకు ఎక్కువగా పనికొచ్చింది పెరట్లోనే. టెక్సస్, లూసియానా, జార్జియా వైపు నేలలో నిమ్మ, కరివేపాకు, మునగ వేసుకున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

మనం దుప్పటి కప్పుకుంటే వెచ్చగా ఉండేది మన ఒంట్లో వేడి ఉంది కాబట్టి. చెట్టుకి అలాంటి వేడి లేదు. పగలు ఎండకి నేల వేడెక్కుతుంది, రాత్రి ఆ వేడిని మెల్లగా పైకి వదులుతుంది. అది ఆకాశంలోకి పోకుండా ఆపడమే గుడ్డ చేసే పని. అందుకే గుడ్డ నాలుగు వైపులా నేలకి ఆనాలి, అంచుల మీద ఇటుకలో రాళ్ళో పెట్టాలి. చాలా ఇళ్ళ ముందు కనిపించేది వేరు: కొమ్మల మీద దుప్పటి వేసి, మొదలు దగ్గర తాడు బిగించి, మూట కట్టేస్తారు. చూడ్డానికి భద్రంగానే ఉంటుంది. కానీ నేల వేడి మూట బయటే పోతుంది, లోపలి ఆకులకి అందదు.

ఇది అర్థమైతే నీళ్ళ సంగతీ అర్థమవుతుంది. బరువుకి బరువు చూస్తే, వేడిని దాచుకోవడంలో నీళ్ళు పొడి మట్టికి దాదాపు 5 రెట్లు. తడి నేల పగలు ఎక్కువ వేడి దాచుకుంటుంది, రాత్రి ఎక్కువ వదులుతుంది. వాన లేకపోతే చలికి ఒకటి రెండు రోజుల ముందే పాదు బాగా తడపండి. తడిపాక గొట్టాన్ని బయటి పంపు నుంచి విప్పేయండి. లేకపోతే చెట్టు బతికినా గోడలో పైపు పగలొచ్చు.

మల్చ్ విషయంలో మాత్రం చెట్టుని బట్టి నడుచుకోవాలి. మునగ పైన చచ్చినా వేరు బతికితే వసంతంలో మళ్ళీ లేస్తుంది, కాబట్టి దాని మొదట్లో ఎండాకులో చెక్కపొట్టో మందంగా పోయండి. నిమ్మ, నారింజలకి అలా పోస్తే వేరు వెచ్చగా ఉంటుంది కానీ నేల వేడి పైకి రాకుండా ఆగిపోతుంది. వాటి కింద చలికాలమంతా నేల ఖాళీగా, తడిగా ఉండటమే మేలు.

గుడ్డ అంటే నర్సరీల్లో దొరికే ఫ్రాస్ట్ క్లాత్ మంచిది, పాత దుప్పట్లైనా సరే. ప్లాస్టిక్ షీటు ఆకులకి తగిలితే తగిలిన చోటల్లా మాడుతుంది. గుడ్డ వల్ల దక్కేది మందాన్ని బట్టి కొన్ని డిగ్రీలే. అంతకన్నా కావాలంటే కింద లైట్లు వేలాడదీయాలి, అవీ ముట్టుకుంటే వేడిగా తగిలే పాతకాలం క్రిస్మస్ బల్బులే. ఎల్‌ఈడీలు చెట్టుకి అందమిస్తాయి తప్ప వేడి ఇవ్వవు. బయట వాడదగిన వైరు, ప్లగ్గు మాత్రమే వాడండి. గుడ్డ కింద కుంపటి గానీ హీట్ ల్యాంపు గానీ పెట్టొద్దు, ఇల్లు అంటుకుంటుంది. పొద్దున ఎండ వచ్చాక గుడ్డ తీస్తేనే నేల మళ్ళీ వేడెక్కుతుంది.

గాలి లేని, మబ్బు లేని రాత్రి ఈ పద్ధతి చక్కగా పనిచేస్తుంది. ఉత్తరం నుంచి ఈదురుగాలితో వచ్చే చలి వేరే రకం, నేల వదిలిన వేడిని అది ఊడ్చేస్తుంది. 2021 ఫిబ్రవరి 16న డాలస్ ఎయిర్‌పోర్టులో మైనస్ 2 డిగ్రీల ఫారన్‌హీట్ నమోదైంది. చాలా ఇళ్ళకి కరెంటు కూడా లేదు, ఇక లైట్ల మాటెక్కడ? నిమ్మకి 28 డిగ్రీల దగ్గరే దెబ్బ మొదలవుతుంది కదా.

అలాంటి రోజుకి నేను నమ్మేది మట్టినే. అంటు కట్టిన నిమ్మ జాతి లేత మొక్కలకి నవంబర్ చివర్లో, అంటు మునిగి ఇంకో అడుగు పైకొచ్చేదాకా మొదలు చుట్టూ శుభ్రమైన మట్టిని కుప్పగా పోస్తాను. కొమ్మలు పోయినా అంటు పైన కాస్త బెరడు బతికుంటే చెట్టు మనదే. చలి పూర్తిగా పోయాక, మార్చిలో ఆ మట్టి తప్పక తీసేయాలి. ఉంచేస్తే మొదలు కుళ్ళుతుంది.

దానిమ్మ, అంజీర ఆకు రాల్చి నిద్రపోయే రకాలు, మామూలు చలికి వాటి జోలికి వెళ్ళక్కర్లేదు. న్యూజెర్సీ, షికాగో వాళ్ళకి కరివేపాకైనా నిమ్మైనా కుండీలోనే. రాత్రులు 40 డిగ్రీలకి దిగేలోపు లోపలికి తెచ్చి, ఎండ పడే కిటికీ దగ్గర పెట్టి, నీళ్ళు తగ్గించండి. ఆకులు రాలితే కంగారుపడి ఎరువు వేయొద్దు. అన్నట్టు, కరివేపాకూ నిమ్మా ఒకే కుటుంబం. నిమ్మ తోటల్ని తినేస్తున్న గ్రీనింగ్ తెగులుని మోసే పురుగు కరివేపాకు మీదా బతుకుతుంది. అందుకే మొక్కని ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి తీసుకెళ్ళడం మీద ఆంక్షలున్నాయి. ఇల్లు మారేటప్పుడు ముందే కనుక్కోండి.

చలి పోయాక చేతికి కత్తెర తీసుకోకండి, ఇదే అందరికీ కష్టమైన పని. నల్లబడిన ఆకుల్ని చూస్తే కోసేయాలనిపిస్తుంది. గోటితో బెరడు కాస్త గీకి చూడండి: లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. గోధుమ రంగులో ఉంటే ఇంకాస్త కిందకి గీకండి. చిగుళ్ళు వచ్చాక ఎక్కడిదాకా చచ్చిందో చెట్టే చూపిస్తుంది, అప్పుడు కోయండి. ఆ చిగురు ఎక్కడ నుంచి లేచిందో కూడా చూడండి. అంటుకి కింద నుంచి, ముళ్ళతో, మూడేసి ఆకులుగా వచ్చిందంటే అది మీ నిమ్మ కాదు, అంటుకి వాడిన అడవి నారింజ. దానికి ఎన్నాళ్ళు నీళ్ళు పోసినా పచ్చడికి పనికొచ్చే కాయ కాయదు. పైన కొమ్మ బతికుంటే దాన్ని మొదట్లోనే తుంచేయండి. పైన ఏమీ మిగలకపోతే ఆ చోట కొత్త మొక్క వేసుకోవడమే.