ఒంట్లో వాపు, మనసులో దిగులు

ఏళ్లుగా జబ్బుతో ఉన్న మనిషి తిండి, నిద్ర, మాటామంతీ తగ్గించేస్తే ఇంట్లోవాళ్లు ‘జబ్బు పరేషానీలే’ అని ఊరుకుంటారు. అది డిప్రెషన్ కావచ్చు. కీళ్లవాతం, షుగర్, కిడ్నీ జబ్బుల్లో ఇన్‌ఫ్లమేషన్, అంటే లోపలి వాపు, తగ్గకుండా ఉంటుంది. అప్పుడు పెరిగే సైటోకైన్లనే ప్రోటీన్ల ప్రభావం మెదడు మీదా పడుతుంది. హెపటైటిస్-సికి ఇంటర్‌ఫెరాన్ (అదీ సైటోకైనే) ఇంజెక్షన్లు ఇచ్చిన రోజుల్లో చాలామంది రోగులు డిప్రెషన్‌లో పడ్డారు.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్ ల్యాబుల్లో చేసే సీఆర్‌పీ రక్తపరీక్ష వాపు సంగతి చెబుతుంది, మనసు సంగతి చెప్పదు. 2013లో అచ్చయిన అమెరికా అధ్యయనంలో వాపు తగ్గించే ఇన్‌ఫ్లిక్సిమాబ్ డిప్రెషన్ రోగులందరికీ పనిచేయలేదు. సీఆర్‌పీ ఎక్కువున్నవాళ్లలోనే కొంత మేలు కనిపించింది. మెడికల్ షాపులో నొప్పి బిళ్లలు కొని మింగితే దిగులు పోదు, కిడ్నీలు మాత్రం దెబ్బతినొచ్చు. ఎప్పుడూ చూసే డాక్టరుకే దిగులు సంగతీ చెప్పాలి. ఎదురుగా చెప్పుకోలేనివాళ్లకు టెలీ మానస్ 14416 ఉంది. ఫోన్ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.