మెడ విదిలింపునకు ముందు

బడిలో గంటలకొలది కదలక కూర్చుండి, ఇంటి గడప త్రొక్కినంతనే మెడ విదిలించుచు, కనురెప్పలార్చుచు, గొంతు సవరించుచుండు బాలుని జూచి, "బళ్లో ఆపుకున్నవాడివి ఇంట్లో ఆపుకోలేవట్రా?" అని పెద్దలు గద్దించుట కలదు. టూరెట్ సిండ్రోమను ఈ వ్యాధి చరిత్రలో ఆ ప్రశ్నకు సమాధానము చిరకాలము వైద్యులకును దొరకలేదు.

1825లో ఇటార్ అను ఫ్రెంచి వైద్యుడు, ఏడవయేటనే అంగవిక్షేపములకు లోనైన యొక ప్రభువంశపు వనితను వర్ణించెను. 1885లో పారిస్‌నందలి సాల్పెట్రియేర్ వైద్యశాలలో షార్కో శిష్యుడైన జిల్ ద లా టూరెట్ తొమ్మండుగురు రోగుల వృత్తాంతమును ప్రకటింపగా, గురువు వ్యాధికి శిష్యుని పేరే పెట్టెను. వీరి వర్ణనలలో కంటికి గానవచ్చు చేష్టయే ప్రధానము. దానికి ముందు దేహములో కలుగు అనుభూతి కాదు.

ఆ లోపము తీర్చినది 1902లో మేజ్, ఫెండెల్ అను వైద్యులు టిక్కులనబడు ఇట్టి చేష్టలను గూర్చి వెలువరించిన గ్రంథము. 'ఓ' యను అక్షరముతో మాత్రమే పేర్కొనబడిన యొక రోగి తన కథను తానే అందులో చెప్పుకొనెను. ఒకనాడు తల త్రిప్పుచుండగా మెడలో కటుక్కుమన్నదట; ఏదో కీలు తొలగెనని తలంచి, ఆ స్పర్శ మరల దొరకువరకు మెడను నానావిధముల మెలిత్రిప్పి, దొరకినపుడు నిజమైన తృప్తి నొందెనట. ఆ మెలిత్రిప్పుటయే వ్యాధియై ముదిరినపుడు, దానినణచుటకు చేతికర్రపై గడ్డము నానించుకొనెడివాడట. అంతకుముందటి వర్ణనలన్నింటికంటె నాకీ సాక్ష్యమే విలువైనదిగా దోచును. ఏలయన, చేష్టకు మూలము లోపలి స్పర్శలో నున్నదని చెప్పినవాడు ఆ దేహములో బ్రదుకుచున్నవాడు.

అట్టి సాక్ష్యమునకు రావలసిన ఆదరము రాకపోవుట శోచనీయము. మనోవిశ్లేషకులు ఈ చేష్టలకు అణగారిన కోరికలను కారణముగా జూపిరి. 1960 దశకమున హాలోపెరిడాల్ అను మందు గుణమిచ్చుటతో చూపు మెదడు రసాయనములవైపు మరలెను. 1980లో జోసెఫ్ బ్లిస్ అను రోగి, తన చేష్టలకు ముందు ఆయా తావులలోనే సూక్ష్మమైన అనుభూతి పుట్టుననియు, దానిని తీర్చుకొనుటకే కదలిక కలుగుననియు ఒక వైద్యపత్రికలో వ్రాసెను. తుమ్మునకు ముందు ముక్కులో లేచు దురదను తలంచుకొన్నచో, బడిలో బాలుడు గంటలకొలది ఓర్చినదేమో కొంత బోధపడును.

2005లో పరిశోధకులు ఈ అనుభూతిని గూర్చి పిల్లలనే అడుగు ప్రశ్నావళిని సిద్ధపరచిరి. పదియేండ్లు దాటినవారి జవాబులకు పొందిక కుదిరెను. అంతకు చిన్నవారి జవాబులకు కుదరలేదు. చికిత్సయు ఈ మార్గముననే నడచినది: అజ్రిన్, నన్ అనువారు 1973లో ప్రకటించిన అభ్యాసపద్ధతిని ఆధారముగా గొని రూపొందించిన చికిత్సను 2010లో 126 మంది పిల్లలతో పరీక్షింపగా, దానిని పొందినవారిలో సగమునకు మించినవారు మెరుగైరి. ఆ చికిత్సలో మెడ విదిలించు బాలుడు మొదట నేర్చునది లోపలి దురదను పసిగట్టుట. అది లేచినంతనే గడ్డమును మెల్లగా రొమ్మువైపు దించి, మెడ బిగించి, అది చల్లారువరకు అట్లే నిలుచును. 'ఓ'కు చేతికర్ర కావలసివచ్చెను; ఈ బాలునకు తన మెడయే చాలును.