కుర్చీ పేరు, మనిషి పేరు

ప్రభుత్వ కార్యాలయాల్లో పనిచేసిన వారికి ఎ1, బి2 సీట్లంటే విడమరచి చెప్పనక్కరలేదు. ఫైలు నంబరులో గుమాస్తా పేరు ఉండదు, సీటు పేరే ఉంటుంది. గుమాస్తా బదిలీ అయినా ఫైలు దారి తప్పదు. ఈ చిన్న సూత్రం కంప్యూటర్ల లోకంలో స్థిరపడడానికి ఇరవై ఏళ్లు పైగా పట్టింది.

లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించాడు. తెలుగువారి ‘స్వేచ్ఛ’, సీడాక్ వారి ‘బాస్’ ఆ కుటుంబానివే. కంప్యూటరును బయటి తీగతో కలిపే నెట్‌వర్క్ కార్డులకు లినక్స్ మొదట్లో ఈటీహెచ్0, ఈటీహెచ్1 అని పేర్లు పెట్టేది. ముందు కనబడిన కార్డుకు సున్నా. హాజరుపట్టీలో ముందు సంతకం పెట్టినవాడే సీనియర్ అన్నట్టు!

ఒక్క కార్డుంటే చిక్కు లేదు. రెండుంటే, యంత్రం మళ్లీ ఆన్ చేసినప్పుడు వరుస తారుమారు కావచ్చు. ఒక కార్డు కార్యాలయం లోపలికి, రెండోది బయటి ఇంటర్నెట్‌కు అనుకోండి. కాపలా నియమాలన్నీ పేరును బట్టే రాసి ఉంటాయి. పేర్లు మారితే వీధి తలుపుకు పడవలసిన తాళం వంటింటి తలుపుకు పడుతుంది.

తరువాత కార్డు తయారీ నంబరును బట్టి పేరు గుర్తుంచుకునే ఏర్పాటు వచ్చింది. కాని పాడైన కార్డు తీసి కొత్తది పెడితే పాత పేరు రాదు. చివరకు కార్డు కూర్చున్న చోటే ఆధారమైంది. 2011లో ఫెడోరా 15 డెల్ కంపెనీ పద్ధతిని అనుసరించింది. 2013 జనవరిలో సిస్టమ్‌డీ 197తో నేటి విధానం వచ్చింది. ఈఎన్‌పీ3ఎస్0 అంటే మూడో బస్సు, సున్నా స్లాటు. ఈ బస్సు ఆర్టీసీది కాదు, యంత్రం లోపలి దారి. ఉబుంటు 2015లో, డెబియన్ 2017లో ఈ దారికే వచ్చాయి.

అయితే చోటును బట్టి పెట్టిన పేరూ శాశ్వతం కాదు. మరో కార్డు చేరిస్తే బస్సుల లెక్క మారి, కదలని కార్డు పేరు కూడా మారవచ్చు. 2016 అక్టోబర్ 11న మన అచ్చంపేట అంగుళం కదలలేదు. అయినా మహబూబ్‌నగర్ జిల్లా పోయి నాగర్‌కర్నూల్ జిల్లా అయింది. కొత్త బండ్లకు టీఎస్06 బదులు టీఎస్31 వచ్చింది. 2024 మార్చి నుంచి అది టీజీ31. పాత బండ్లు పాత నంబర్లతోనే తిరుగుతున్నాయి.

డెబియన్ వారూ అదే పాటించారు. కొత్తగా ఎక్కించిన యంత్రాలకే కొత్త పేర్లు, పాతవాటికి పాత పేర్లు ఉంచారు. 2018 డిసెంబరులో వచ్చిన సిస్టమ్‌డీ 240 నుంచి, ఏ నాటి నియమం ప్రకారం పేరు పెట్టాలో ఎంచుకునే వీలు కూడా కల్పించారు. ఫలానా జీవో ప్రకారం అన్నట్టే.

సర్వీసు రిజిస్టరులో ఒక పేరు, బ్యాంకు పుస్తకంలో మరో పేరు ఉండి పింఛను ఆగిన ఇళ్లు మనం ఎరుగనివి కావు. పేరు మార్చే అధికారం ఉన్నవారు, పాత పేరుతో వచ్చినవాడికి కూడా తలుపు తెరిచే ఏర్పాటు ముందే చేయాలి.