బూడిద ఎవరెత్తారు?

చలికాలంలో నర్సీపట్నం మీదుగా లంబసింగి వెళ్ళేవాళ్ళకి బొంగు చికెన్ ఒక యాత్రాఫలం. మసాలా పట్టించిన మాంసాన్ని పచ్చి వెదురుబొంగులో కూరి నిప్పుల మీద కాలుస్తారు. తిన్నాక తోమాల్సిందేమీ ఉండదు, గిన్నే కాలిపోతుంది. మేడ మీది బార్బెక్యూ అలా కాదు. తినడం గంట, తోమడం పూట. ఈ తోమే పనికి చరిత్రలో చోటెక్కడ?

బొగ్గుకి చోటుంది. 1882లో మద్రాసు ప్రభుత్వం అటవీ చట్టం తెచ్చాక పోడుకీ కట్టెలకీ ఆంక్షలొచ్చాయి. దానికి తోడు నర్సీపట్నం నుంచి కొండ మీదికి వేసే రోడ్డు పనిలో గూడెం తహసీల్దారు బాస్టియన్ సరిగా కూలివ్వకుండా చేయించిన చాకిరీ. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం దాడి చేయడం వెనక ఈ రెండు కోపాలూ ఉన్నాయి.

అప్పటి సర్కారు అడవిని ఎలా చూసిందో 1927 భారత అటవీ చట్టంలో కనిపిస్తుంది. అటవీ ఉత్పత్తుల జాబితాలో కలప తర్వాతి మాటే బొగ్గు. రిజర్వు అడవిలో బొగ్గు కాల్చడం నేరం. వెదురైతే చట్టం దృష్టిలో చెట్టు. అడవి బయట పెరిగే వెదురుకి ఆ హోదా 2017 సవరణతో గానీ పోలేదు. బొంగూ బొగ్గూ రెండూ కాగితానికెక్కాయి. బూడిద ఎక్కలేదు.

కుంపటైనా బార్బెక్యూ అయినా సూత్రం ఒకటే. కింది కన్నంలోంచి గాలి రావాలి, బూడిద రాలిపోవాలి. కన్నం పూడితే నిప్పు నీరసిస్తుంది, కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది. పైకి చల్లగా ఉన్న బూడిదలో కణికలు మర్నాటిదాకా బతికుండొచ్చు. నివురుగప్పిన నిప్పు అనే మాట ఊరికే పుట్టలేదు. పూర్తిగా చల్లారాకే ఎత్తాలి. అలాగని వదిలేస్తే బూడిద వానాకాలపు తేమని పీల్చుకుంటుంది, అందులోని లవణాలు ఇనుముని తుప్పు పట్టిస్తాయి. అందుకే కడ్డీలు గీకి, పొడిగా తుడిచి, పల్చగా నూనె రాయాలి. మట్టి కుంపటికైతే బీటల్లో బంకమట్టి మెత్తాలి.

అదే బూడిదలోని క్షారం జిడ్డుని కొంత సబ్బుగా మారుస్తుంది. బూడిదతో అంట్లు తోమిన అమ్మమ్మలకి ఈ కెమిస్ట్రీ ఎవరూ చెప్పలేదు, చేతులకే తెలుసు.

1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం కింద పేద మహిళలకి గ్యాస్ కనెక్షన్లు ఇచ్చారు. పొగ తగ్గడం గురించి అందరూ మాట్లాడారు. గ్యాస్ వెలిగిన ఇంట్లో పొద్దున్నే బూడిదెత్తే పని కూడా తగ్గింది, దాని గురించి మాట్లాడినవాళ్ళు తక్కువ. ఇప్పుడు ఆ బొగ్గే వీకెండ్ సరదాగా మేడెక్కింది. ఫోటోలో నిప్పు దగ్గర పట్టకారుతో నిలబడ్డది ఎవరో అందరికీ తెలుస్తుంది. సోమవారం పొద్దున బూడిదెత్తేది ఎవరో కూడా చూడండి. చాలాసార్లు ఆ ఇద్దరూ ఒకరు కారు.