రూహ్ ఎక్కడ ఎదురుచూస్తుంది? ఒక పోప్ వెనక్కి తీసుకున్న మాట

పోయిన నవంబర్ రెండో తారీఖున నా దోస్తుతో కలిసి గుంటూరులో సమాధుల తోటకి వెళ్లాను. వాళ్లు ఆర్.సి.ఎం. వాళ్లు. ఆ రోజు వాళ్లకి ఆత్మల పండగ. అంతకు నాలుగు నెలల ముందే వాళ్ల నాన్నగారు ఇంతెఖాల్ అయ్యారు. గోరీకి సున్నం వేయించి, బంతిపూలు పరిచి, వరసగా కొవ్వొత్తులు పెట్టారు. ఫాదర్ గారు ఒక్కో గోరీ దగ్గర ఆగి తీర్థం చల్లుతున్నారు. అచ్చం షబె బరాత్ రాత్రి మా ఖబరస్తాన్ చూసినట్టే ఉంది నాకు.

మాతో పాటు దోస్తు వాళ్ల బావ కూడా వచ్చాడు. ఆయన లూథరన్ ఇంటివాడు. కొంచెం దూరంగా నిలబడ్డాడు. నాన్న పేరు మీద ముప్పై రోజులు పూజలు పెట్టించానని నా దోస్తు చెబుతుంటే ఆయన ఉండబట్టలేక అన్నాడు: "మామయ్యగారు ప్రభువు దగ్గర ఉన్నారు. ఇప్పుడు మనం ప్రార్థన చేస్తే ఆయనకి కొత్తగా వచ్చేదేముంది? చెయ్యకపోతే పోయేదేముంది?"

నా దోస్తు ఏమీ అనలేదు. ముఖం మాత్రం చిన్నబోయింది.

ఆ మాట నాకూ తగిలింది. మూడేళ్ల కింద మా అబ్బా పోయినప్పుడు మా ఇంట్లో ఇదే బహస్ జరిగింది. జియారత్ అయింది, చాలీస్వా దగ్గరికొచ్చింది. ఫాతిహా ఇప్పించడం బిద్అత్ అని మా మామూ పట్టుబట్టాడు. పెద్దవాళ్లు చేసిందే చేస్తామని మా చాచా. మధ్యలో అమ్మీ నన్ను పక్కకి పిలిచి అడిగింది: "అయితే ఆయన కోసం ఇంక నేను చేయగలిగింది ఏమీ లేదారా?" ఆ రోజు నా దగ్గర జవాబు లేదు.

సమాధుల తోట నుంచి వచ్చాక కితాబులు ముందేసుకున్నాను. ఒకే కితాబు చదివే బావమరదులిద్దరూ ఒకే గోరీ దగ్గర ఇలా విడిపోవడం ఎప్పటి నుంచి? నేను ఆలిమ్‌ని కాను, పాదరీనీ కాను. ఎవరిది హఖ్, ఎవరిది కాదు అని ఫైసలా చెప్పడం నా పని కాదు. తారీఖ్ మాత్రం చెబుతాను.

మొదటి క్రైస్తవుల ఆశ అంతా ఖియామత్ మీదే. ఈసా మసీహ్ తొందర్లోనే తిరిగి వస్తారు, చనిపోయినవాళ్లు బదన్‌తో సహా లేస్తారు అని వాళ్ల యఖీన్. ఆ లోపల రూహ్ ఎక్కడ ఉంటుందన్న సవాల్ అంత పెద్దది కాలేదు. తరాలు గడిచాయి, ఖియామత్ రాలేదు, గోరీలు పెరిగాయి. అప్పుడు సవాల్ లేచింది.

కితాబులో జవాబు ఒక్కటే అయితే బహస్ ఉండేది కాదు. పౌలు ఒక ఖత్‌లో చనిపోయినవాళ్లని నిద్రపోయినవాళ్లని అంటాడు. ఇంకోచోట, వెళ్లిపోయి మసీహ్ దగ్గర ఉండాలని తన ఆర్జూ అంటాడు. లూకా సువార్తలో అయితే పక్క సిలువ మీద ఉన్న నేరస్థుడికి ఆ రోజే జన్నత్ వాయిదా దొరుకుతుంది. తెలుగు బైబిల్లో అక్కడ 'పరదైసు' అని ఉంటుంది. మన 'ఫిర్దౌస్' కూడా ఆ మాటకి చుట్టమే. రెండూ పాత ఇరానీ భాషలోంచి వచ్చినవే, చుట్టూ గోడ కట్టిన బాగ్ అని అర్థం. ఇంతకీ నిద్రా? ఆ రోజేనా? ఈ రెండు మాటల మధ్యే పదిహేను వందల ఏళ్ల బహస్ నడిచింది.

మూడో శతాబ్దంలో అరబ్ ఇలాఖాలో కొందరు క్రైస్తవులు, రూహ్ కూడా బదన్‌తో పాటే చనిపోతుంది, ఖియామత్ రోజు రెండూ కలిసి లేస్తాయి అనేవాళ్లు. వాళ్లకి నచ్చజెప్పడానికి ఓరిజెన్ అనే పెద్ద ఆలిమ్‌ని పిలిపించారని చర్చి చరిత్ర రాసిన యూసీబియస్ చెబుతాడు. నాలుగో శతాబ్దంలో ఈరాన్ సల్తనత్‌లో ఉండి సిరియాక్ భాషలో రాసిన అఫ్రహాత్, మౌత్ అంటే నిద్రే అన్నాడు. తెల్లారితే దెబ్బలు పడతాయని తెలిసిన నౌకరు నిద్రలోనూ ఉలిక్కిపడుతుంటాడు, మంచి నౌకరు హాయిగా పడుకుంటాడు అని ఆయన మిసాల్. మన ఇళ్లలో ఖబర్ గురించి, బర్జఖ్ గురించి విన్నవాళ్లకి ఈ మిసాల్ కొత్తగా అనిపించదు.

పడమటి దేశాల దారి వేరైంది. అక్కడ నన్ను ఆపేసిన మనిషి ఒక తల్లి. పేరు మోనికా, ఆగస్టిన్ వాళ్లమ్మ. ఆఫ్రికాలో తన షౌహర్ పక్కనే గోరీకి జాగా చూసుకున్న మనిషి, 387లో రోమ్ దగ్గరి ఓస్టియా రేవులో బీమార్ పడింది. నా బదన్ ఎక్కడ పాతిపెట్టినా ఫికర్ లేదు, మీరెక్కడున్నా ఆరాధనలో నన్ను యాద్ చేసుకోండి, అదే చాలు అందట. ఆ కొడుకు తర్వాత చాలా పెద్ద ఆలిమ్ అయ్యాడు. కఫన్ దఫన్ దర్జాలు బతికున్నవాళ్ల తసల్లీకే ఎక్కువ, చనిపోయినవాళ్లకి పనికొచ్చేది దువా, ఖైరాత్, ఆరాధన అని రాశాడు. అదీ అందరికీ కాదు, అది అందుకునేలా బతికినవాళ్లకే అన్నాడు.

ఆరో శతాబ్దం చివర్లో పోప్ అయిన మొదటి గ్రెగరీ ఒక కిస్సా రాశాడు. జస్టస్ అనే సన్యాసి మూడు బంగారు నాణేలు దాచుకుని చనిపోయాడు. అతని పేరు మీద ముప్పై రోజులు వరసగా పూజలు చేయిస్తే, ఆఖరి రోజున తమ్ముడికి కనబడి ఇప్పుడు సుకూన్‌గా ఉన్నానన్నాడట. నా దోస్తు పెట్టించిన ముప్పై పూజల జడ అక్కడుంది. పదకొండో శతాబ్దంలో ఫ్రాన్స్‌లోని క్లూనీ మఠం పెద్ద ఓడిలో నవంబర్ రెండుని చనిపోయిన వాళ్లందరి కోసం కేటాయించాడు. ఆ రోజే మనం చూసిన ఆత్మల పండగ. ఆ తర్వాతి శతాబ్దంలో రూహ్‌లు శుద్ధి అయ్యే జాగాకి ఖాస్ పేరు వచ్చిందని ఫ్రెంచ్ చరిత్రకారుడు జాక్ లె గాఫ్ 1981లో రాసిన పుస్తకంలో వాదిస్తాడు. దాన్ని మన తెలుగు కేథలిక్కులు ఉత్తరించు స్థలం అంటారు.

ఇక అసలు కహానీ. 1331 నవంబర్ ఒకటి, సకల పునీతుల పండగ. అప్పట్లో పోప్ గద్దె రోమ్‌లో లేదు, ఫ్రాన్స్ వైపున్న అవిన్యోన్‌లో ఉంది. గద్దె మీద ఎనభై దాటిన ఇరవై రెండో జాన్. ఆయన ఖుత్బాలో ఒక మాట అన్నాడు: పునీతుల రూహ్‌లు ఇప్పుడు సుకూన్‌గానే ఉన్నాయి, మసీహ్‌ని మనిషి రూపంలో చూస్తున్నాయి, కానీ ఖుదాని ముఖాముఖి చూడటం మాత్రం ఖియామత్ తర్వాతే. డిసెంబర్లో మళ్లీ అన్నాడు. జనవరిలో ఇంకో అడుగు వేసి, పాపులు కూడా అప్పటిదాకా దోజఖ్‌లోకి వెళ్లరన్నాడు.

బయటివాళ్లకి ఇందులో ఏముంది అనిపించొచ్చు. ఆ దౌర్ ఆవామ్‌కి ఇది చిన్న మాట కాదు. పునీతులు ఇంకా ఖుదా హుజూర్‌లో లేకపోతే, మరి వాళ్ల సిఫారిష్ ఎలా? వాళ్ల గోరీల దగ్గరికి వందల మైళ్లు నడిచివెళ్లడం దేనికి? పుర్రెల్లో వెలిగించిన దీపాలు కావు అవి, నమ్మకంతో వెలిగించినవి. దువాల మీద, మన్నతుల మీద నడుస్తున్న లోకం ఒక్కసారి కదిలిపోయింది.

వ్యతిరేకంగా మాట్లాడిన థామస్ వాలీస్ అనే ఇంగ్లీషు సన్యాసిని 1333లో జైల్లో వేశారు. జర్మనీ బాద్‌షా పంచన చేరిన విలియం ఆఫ్ ఓకమ్, చెజెనా మైకేల్ లాంటి ఫ్రాన్సిస్కన్లకి జాన్ మీద పేదరికం ఝగడా నాటి పాత కోపం ఉంది. పోపే గుమ్రాహ్ అయ్యాడని వాళ్లు ఇల్జామ్ వేశారు. ఆ ఏడాది చివర ఫ్రాన్స్ రాజు ఆరో ఫిలిప్ వాన్‌సెన్‌లో పారిస్ ఉలేమాని కూర్చోబెట్టాడు. వాళ్లూ జాన్ మాట సరి కాదన్నారు. నేను చెప్పింది హుకుం కాదు, నా రాయి మాత్రమే అని జాన్ అంటూ వచ్చాడు.

1334 డిసెంబర్ మూడు. మంచం మీద ఉన్న జాన్ కార్డినల్స్‌ని పిలిపించాడు. శుద్ధి అయిన రూహ్‌లు బదన్ విడిచాక, ఆ హాలత్‌లో ఎంత వీలైతే అంత, ఖుదాని ముఖాముఖి చూస్తాయని ఒప్పుకున్నాడు. మర్నాడే ఇంతెఖాల్.

తర్వాత గద్దె ఎక్కిన పన్నెండో బెనెడిక్ట్ అసలు పేరు జాక్ ఫూర్నియే. అంతకుముందు పిరనీస్ కొండల దగ్గర పామియేలో బిషప్‌గా ఉండి, పల్లెల్లో వాళ్ల అఖీదాలు తవ్వి తవ్వి రాయించినవాడు. 1320 ప్రాంతంలో ఆయన ముందు నిలబడ్డ ఆర్నో జెలిస్ అనే మామూలు మనిషి, చనిపోయినవాళ్లు తనతో మాట్లాడతారని, చర్చి నుంచి చర్చికి తిరుగుతుంటారని చెప్పాడు. దారిలో చేతులు ఊపుకుంటూ నడవొద్దు, కనబడని రూహ్‌లకి తగిలి కింద పడిపోతాయి అని హెచ్చరించేవాడట. పెద్దల బహస్‌కి చాలా దూరంలో పల్లె జనం తమ వాళ్లని ఇలా పక్కనే ఉంచుకున్నారు.

అదే ఫూర్నియే 1336 జనవరి 29న ఫర్మానా ఇచ్చాడు. మంచివాళ్ల రూహ్‌లు వెంటనే, శుద్ధి కావాల్సినవి అది అయ్యాక, ఖియామత్‌కి ముందే ఖుదాని చూస్తాయి. పెద్ద గునాహ్‌తో పోయినవాళ్లు వెంటనే దోజఖ్‌కి. అయినా ఆఖరి రోజు అందరూ బదన్‌తో హాజర్ కావాల్సిందే. కేథలిక్కులకి ఈ రోజుకీ ఇదే ఆఖరి మాట.

తూరుపు గ్రీకు చర్చి పూర్తిగా ఒప్పుకోలేదు. 1438, 39లలో ఫెరారా, ఫ్లోరెన్స్ నగరాల్లో రెండు వైపులా కూర్చున్నప్పుడు, దువా సరే, ఆ శుద్ధి చేసే ఆగ్ మాత్రం మాకు లేదన్నారు గ్రీకులు. చివరికి చాలామంది దస్తఖత్ పెట్టారు, ఎఫెసస్ మార్క్ పెట్టలేదు.

ఆ తర్వాతది అందరికీ తెలిసిన కిస్సా. రోమ్‌లో పెద్ద చర్చి కట్టడానికి మాఫీ పత్రాలు అమ్మారు, పోయినవాళ్ల పేరు మీద కూడా. 1517లో లూథర్ సవాల్ విసిరాడు. మెల్లగా ఉత్తరించు స్థలమే లేదన్నాడు, మౌత్ గురించి మళ్లీ నిద్ర అన్న పాత మాట వాడాడు. కాల్విన్‌కి అది నచ్చలేదు. రూహ్ నిద్రపోదని 1534లోనే ఒక కితాబు రాశాడు. ఇంగ్లండ్‌లో 1547లో, చనిపోయినవాళ్ల కోసం పూజలు చేయించే వక్ఫుల్లాంటి సంస్థల్ని రద్దు చేసి ఆస్తులు సర్కారు తీసుకుంది. 1563లో ట్రెంట్ సభ ఉత్తరించు స్థలం ఉందని గట్టిగా చెబుతూనే, దాని పేరు మీద వ్యాపారం, వహమ్ వద్దంది.

ఇదీ బావ మాట వెనకున్న తారీఖ్. ఆయన అన్నదాంట్లో కఠినత్వం ఒక్కటే చూశాను నేను ఆ రోజు. కానీ దాని వెనక, పేద తల్లి దగ్గర కొడుకు రూహ్ పేరు చెప్పి డబ్బు గుంజకూడదన్న గుస్సా కూడా ఉంది. మా మామూ బిద్అత్ అన్నప్పుడు కూడా బహుశా అదే. అప్పు చేసి చాలీస్వా దావత్ పెట్టిన ఇళ్లు ఆయన చూసినవాడు.

ఇదంతా దోస్తుకి చెప్పాను. అంతా విని ఒక్కటే అడిగాడు: "ఆ పోప్ గారు చివర్లో భయపడి మాట మార్చాడంటావా?" తెలియదన్నాను. తొంభై దగ్గరికొచ్చిన మనిషి, తెల్లారితే తనే వెళ్లి చూసుకునే సంగతి మీద, నా మాటే నెగ్గాలని పట్టుబట్టలేదు. నాకు అది చాలు.

అమ్మీకి మాత్రం మోనికా కిస్సా చెప్పాను. శ్రద్ధగా విని, "ఆ తల్లి కూడా యాద్ చేసుకోమనే కదా అడిగింది" అంది. మా మామూకీ చాచాకీ తకరార్ లేని సంగతి ఒకటుంది: దువా. ఆ ఏడాది నుంచి దావత్ మానేశాం. అబ్బా పేరు మీద ప్రతి జుమ్మాకి మా గల్లీలో ఒక బేవాకి బియ్యం వెళతాయి. తీసుకెళ్లి ఇచ్చేది మా మామూనే.

అన్నట్టు, ఆ రోజు సమాధుల తోటలో బావ ప్రార్థన చెయ్యలేదు. వచ్చేటప్పుడు గాలికి రెండు కొవ్వొత్తులు ఆరిపోతే, అగ్గిపెట్టె అడిగి తీసుకుని, ఆయనే వెలిగించాడు.