పన్నెండేళ్ళా, పద్నాలుగేళ్ళా?

కుర్రవాడికి పన్నెండేళ్ళు నిండీ నిండకముందే మెకానిక్ షెడ్డులోనో, కుట్టుమిషను దగ్గరో పెట్టేయడం మన కుటుంబాల్లో కొత్త కాదు. "ఉస్తాద్ దగ్గరుంటే నాలుగు పనులొస్తాయి మాస్టారూ" అంటారు. మన రోలుగుంటలో ఈ మాట మేము ఎన్నోసార్లు విన్నాము. అయితే ఈ పన్నెండు అనే అంకెకు ఒక చరిత్ర ఉంది.

1881 నాటి ఫ్యాక్టరీల చట్టం ఏడేళ్ళలోపు పిల్లలను మాత్రమే పనిలో పెట్టుకోరాదన్నది. 1891లో ఆ వయసు తొమ్మిది అయింది. 1919లో వాషింగ్టన్‌లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తొలి మహాసభ జరిగింది. పరిశ్రమల్లో పద్నాలుగేళ్ళలోపు పిల్లలు పనిచేయరాదని అక్కడ ఒడంబడిక కుదిరింది. కాని అందులోనే ఇండియాకు పన్నెండేళ్ళు చాలునని వేరే నిబంధన పెట్టారు! 1922లో మన ఫ్యాక్టరీల చట్టం ఆ పన్నెండు దగ్గరే ఆగింది. దేశాలన్నీ కలిసి పిల్లల మేలు కోరిన చోట కూడా మన బిడ్డకు రెండేళ్ళు కోత పడిందన్న మాట.

1924లో నానాజాతి సమితి బాలల హక్కులపై జెనీవా ప్రకటనను ఆమోదించింది. ఎగ్లంటైన్ జెబ్ అనే ఇంగ్లీషు మహిళ దానిని రూపొందించారు. బిడ్డకు బ్రతుకుతెరువు చూపాలి, కాని ఎవరూ ఆ బిడ్డను దోచుకోరాదు అన్నది అందులో ఒక సూత్రం. అంటే పని నేర్పడం తప్పు కాదు. బాల్యాన్ని కూలికింద జమకట్టడం తప్పు.

స్వాతంత్ర్యం వచ్చాక 1948 ఫ్యాక్టరీల చట్టం, 1950 నాటి రాజ్యాంగం పద్నాలుగేళ్ళ హద్దు పెట్టాయి. అయినా పొలాలూ, చిన్న దుకాణాలూ చాలావరకు దానికి బయటే మిగిలాయి. బడి వేళ తప్పించి ఇంటివారికి సాయపడటం వంటి మినహాయింపులు ఉంచి, పద్నాలుగేళ్ళలోపు వారిని ఏ పనిలోనూ పెట్టరాదన్న సవరణ 2016లో గాని రాలేదు. కనీస వయసుపై అంతర్జాతీయ ఒడంబడికను మన దేశం 2017లో అంగీకరించింది.

ఈలోగా దారి చూపింది మన తెలుగువారే. రంగారెడ్డి జిల్లాలో 1991 నుంచి ఎం.వి. ఫౌండేషన్ వెట్టిలో ఉన్న పిల్లలను శిబిరాలకు తెచ్చి, చదువు చెప్పి, బడుల్లో చేర్పించింది. బడికి పోని ప్రతి బిడ్డా బాలకార్మికుడే అన్నది వారి లెక్క. ఆ కృషికి శాంతా సిన్హాగారికి 2003లో మెగసెసే అవార్డు లభించింది.

సోదర సోదరీమణులారా! చట్టం కాగితం మీద పద్నాలుగుకు చేరడానికే ఇంతకాలం పట్టింది. మన గడపలో అది ఇంకా పన్నెండు దగ్గరే ఆగిపోతే ఎవరిని అనాలి? పని ఎక్కడికీ పోదు, తరువాతైనా నేర్చుకోవచ్చు. బడి వయసు మాత్రం తిరిగి రాదు. మన వీధిలో బడి మానేసిన పిల్లల పేర్లు ముందు మనమే రాసుకుందాం, ఆ ఇళ్ళకు మనమే వెళదాం.